వియ్యపురాలి కంచం

కూర్మన్నపాలెం, విశాఖపట్నం
23 డిసెంబర్ 2024

ఒసే వేణీ,

క్షేమంగా రాజోలు చేరావని మీ పక్కింటావిడ చేత ఫోన్ చేయించావు, సంతోషం. నీతో నేరుగా మాట్లాడాలంటే నా గొంతు పోతుంది. ఎడమ చెవి సంగతి సరే, ఇప్పుడు కుడి చెవికి కూడా ఏమొచ్చిందే? నేను అరిస్తే నీకు వినపడదు గానీ మా వీధి వీధంతా వింటుంది. వాట్సాప్ అంటావా, నా ఫోన్ నా దగ్గర కంటే నా కొడుకు చేతిలోనే ఎక్కువ ఉంటుంది. అందుకే కవర్లు కొనుక్కొచ్చాను. హైస్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని చీటీలు రాసుకున్న చేతులే కదా! నీ కూతురు ఇంద్రజని నా కొడుకు వంశీకి చేసుకున్నాను కాబట్టి నలుగురిలో "వదినగారూ, మీరు" అని మర్యాద చేస్తాను. కాగితం మీద మాత్రం నువ్వు నాకు వేణీవే.

నీ పట్టుదలకి ఒక దణ్ణం. మనవడో మనవరాలో పుట్టేదాకా ఆడపిల్లనిచ్చిన ఇంట మెతుకు ముట్టకూడదని మీ అత్తగారు పెట్టిన నియమం, ఆవిడ పోయినా నువ్వు వదల్లేదు. పిల్లల పెళ్ళయిన దగ్గర్నుంచీ మా ఇంటికొస్తే నీకు అరటిపళ్ళూ అటుకులే. ఈసారి నేనూ మొండికేశాను. ఇంట్లో తినకపోతే ఊరంతా తిప్పి హోటళ్ళలో తినిపిస్తానన్నాను. ఆ వంకన నేనూ వైజాగ్ చూశాను. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానన్న మాటే గానీ, మీ అన్నయ్య ఉన్నన్నాళ్ళూ స్టీల్ ప్లాంట్ షిఫ్టులకి క్యారేజీలు కట్టడంతోనే సరిపోయింది.

ఆటో సన్యాసిరాజు నిన్ను తల్చుకుని ఇంకా నవ్వుతున్నాడు. "ఏటమ్మా, ఈ సలిలో పొద్దున్నే ఈ తిరుగుడేటి? మీ ఇద్దరికీ కుర్రతనం తిరిగొచ్చీసినట్టుంది" అన్నాడు గుర్తుందా? భీమిలి ఒడ్డున ఆ చలిగాలిలో శాలువాలు నెత్తిన కప్పుకుని మరమరాల మురీ మిక్చర్ పొట్లాలు ఖాళీ చేశామే, ఎదురుగా మనకి మనవలయ్యే వయసు పిల్లలు మనల్ని ఫోటో తీశారు. కైలాసగిరి మీద చిన్న రైలెక్కి, మంచులో కింద సముద్రం కనపడక, "డబ్బులు తిరిగిమ్మను" అని నువ్వు ఆ కుర్రాడితో తగువు పడ్డావు. ఆ రైల్లోనే నేను ఒట్టు పెట్టుకున్నాను: మళ్ళీ ఈ కొండ ఎక్కితే మనవణ్ణి చంకనేసుకునే ఎక్కుతాను, లేకపోతే జన్మలో ఎక్కనని. సన్యాసిరాజుకీ చెప్పాను, ఇంటికొచ్చి భోజనాల దగ్గర పిల్లలిద్దరికీ చెప్పాను.

మర్నాడు బీచిలో మ్యూజియం చేసిన జలాంతర్గామి లోపలికెళ్ళాక నీకేమయిందే? నావికులు పడుకునే ఆ బుల్లి పడకల దగ్గర ఆగి, ఒకదాని మీద చెయ్యి వేసి బొటబొటా కన్నీళ్ళు పెట్టుకున్నావు. వెనక జనం తోస్తున్నారు. ఊపిరాడటం లేదా అంటే తలూపావు. బయటికొచ్చాక కొబ్బరి బొండం తాగించాను. ఆ రోజంతా నీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

అలాంటిదానివి సాయంత్రం ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, "వదినగారూ, నాకూ ఒక కంచం పెట్టండి" అన్నావు. నా చేతిలో గరిటె జారిపోయింది. మా ఇంట మొదటిసారి తిన్నావు, మారు పెరుగు కూడా వేయించుకున్నావు. ఇంద్రజ నీ పక్కనే కూర్చుని నీ కంచం వంకే చూస్తోంది.

ఆ రోజు పొద్దున్నే గదిలో దాని జడ వేస్తూ తల్లీకూతుళ్ళు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నువ్వెందుకు తిన్నావో నాకు తెలీదనుకోకు. ఆ సంగతి పేరు పెట్టి రాయను. కొన్ని మాటలు వేళ కాకుండా అనకూడదు. నువ్వు మాత్రం దిగులు పెట్టుకోకు, ఇకనుంచి ఆ పిల్ల నా కంటిపాప.

నీ
మంగ

*

రాజోలు
31 డిసెంబర్ 2024

మంగా,

నీ ఉత్తరం అంగన్‌వాడీకి తీసుకెళ్ళి అక్కడ చదువుకున్నాను. గర్భిణులకి గుడ్లూ పాలూ పంచే వేళ. అందరినీ పంపేశాక తలుపు వేసుకుని మళ్ళీ చదివాను.

నీకు తెలిసిపోయిందని నేను అనుకోలేదు. తెలిసి కూడా ఆ పూట ఏమీ ఎరగనట్టు నాకు మారు పెరుగు వడ్డించావు చూడు, దానికి నేనేం చెప్పను? నీకెలా చెప్పాలా అని బస్సులో దారంతా కుమిలిపోయాను. రావులపాలెం వచ్చేదాకా కళ్ళు మూతపడలేదు. నువ్వు పేరు పెట్టి రాయనన్నావు. నాకూ దాన్ని కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు. మన ఇద్దరి మధ్యా అలాగే ఉండనీ.

ఒక్కటే కోరుకుంటున్నాను. నీకు తెలుసన్న సంగతి ఇంద్రజ ముందు ఎత్తకు. తనంతట తను నీతో చెప్పుకునేదాకా ఆగు. అది నీకు చెప్పాలంటే భయపడుతోంది. అల్లుడికి అన్నీ తెలుసు. ఇంకో మాట, దాన్ని బరువులు ఎత్తనివ్వకు. నీళ్ళ బకెట్లవీ మొయ్యకూడదని డాక్టరు చెప్పాడట.

ఆ మురీ మిక్చర్ కారం ఇప్పటికీ నా నాలిక మీద ఉంది.

నీ
వేణి

*

కూర్మన్నపాలెం
9 జనవరి 2025

ఒసే వేణీ,

నా అత్తరికం మీద నీకింత అపనమ్మకమా? "భయపడుతోంది" అట! నేనేమన్నా పులినా? సరే, నువ్వు చెప్పినట్టే నోటికి తాళం వేశాను. నాకది ఎంత కష్టమో నీకు తెలుసు. ఉప్పూ పప్పూ ఎంత అవసరమో నాకు మాటలంత అవసరం.

బకెట్లన్నీ నేనే మోస్తున్నాను. అరుగు మీద రోజూ దిగే స్టీల్ ప్లాంట్ నల్లటి దుమ్ము నేనే తుడుస్తున్నాను. ఇంద్రజ చీపురు పట్టుకుంటే లాక్కుంటున్నాను. "మీకేమైంది అత్తయ్యా?" అని వింతగా చూస్తోంది. ఇదివరకు పొద్దున్న లేస్తే మనవడూ మనవడూ అని సాధించేదాన్నా, ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు. ఊరి దిష్టి, నా దిష్టి రెండూ తగలకూడదు.

పిల్ల మాత్రం సరిగ్గా తినడం లేదు. కూర వాసనకే మొహం తిప్పుకుంటోంది. మద్దిలపాలెంలో ఆఫీసు నుంచి రాగానే పడుకుంటోంది. అవన్నీ నేనూ పడినవే కదా, అడిగి విసిగించడం లేదు. కొన్నాళ్ళకి అదే సర్దుకుంటుంది.

ఇక్కడ చలి ముదిరింది. నీ శాలువా మర్చిపోయి వెళ్ళావు, నేనే కప్పుకుంటున్నాను. తిరిగివ్వను.

మంగ

*

రాజోలు
17 జనవరి 2025

మంగా,

ఇంట్లో ఆ మాట ఎత్తడం మానేశానని రాశావు. అది చదివి నా గుండె మీద బరువు దిగిపోయింది. నిజం చెప్పొద్దూ, నిన్ను నేను తక్కువ అంచనా వేశాను. నోరు పెద్దదే గానీ నీ మనసు అంతకంటే పెద్దది. అలాంటి అత్తగారు దొరకడం నా కూతురి అదృష్టం.

తిండి సంగతి నువ్వు కాస్త చూస్తూ ఉండు. అది లోపల కుమిలే మనిషి, చిన్నప్పటి నుంచీ అంతే. వేళకి తినిపిస్తే చాలు.

ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి పార్శిల్ చేశాను. బెల్లంవి నీకు, పంచదారవి పిల్లలకి. నా శాలువా నువ్వే ఉంచుకో.

వేణి

*

కూర్మన్నపాలెం
28 జనవరి 2025

వేణీ,

పార్శిల్ తాడు పళ్ళతో కొరికి విప్పాను. ఆత్రంగా చూస్తే పూతరేకులు! దొంగ చలిమిడి ఏదే? మూడో నెలలో ఎవరికీ తెలియకుండా పుట్టింటివాళ్ళు చలిమిడి తెచ్చి కూతురి ఒళ్ళో పెట్టాలని నేను నీకు చెప్పాలా? అంగన్‌వాడీలో ఊరందరి కడుపుల లెక్కలూ చూసేదానివి, సొంత కూతురి కడుపు మర్చిపోయావా? మీ అత్తగారు ఉంటే నిన్ను చింతబరికె పుచ్చుకుని బాదేది.

పుష్యమాసం కాబట్టి ఆగావేమో అని సరిపెట్టుకున్నాను. ఎల్లుండితో మాఘం వచ్చేస్తోంది. నీకు సెలవు దొరకదేమో, అందుకని నేనే మొదలుపెట్టాను. ఈ శుక్రవారం ముహూర్తం బాగుంది. పాత ఊళ్ళో చాంద్ సుల్తానా కొట్టుకెళ్ళి ఆకుపచ్చ గాజులు తెచ్చాను. నాకు పెళ్ళయిన కొత్తలో కూడా ఆవిడ అత్తగారి దగ్గరే గాజులు వేయించుకునేదాన్ని. "కోడలికేటమ్మా? ఎన్నో నెల?" అని చూడగానే పట్టేసింది. "ఈటిని ఏసుకుంటే పిల్ల సల్లగా ఉంటాది, ఇన్షా అల్లా. పుట్టేక బుజ్జిదాన్ని నాకు సూపించాలి" అంది. నా నోటికి వేసిన తాళం అక్కడే ఊడిపోయింది. వేణీ, ఎన్నాళ్ళని దాచను? నా సంతోషం కడుపులో పట్టడం లేదే.

బియ్యం నానబోశాను. వీధిలో నలుగురు ముత్తయిదువలని పిలుస్తున్నాను. ఇంద్రజకి ముందుగా చెప్పలేదు, సిగ్గుపడి వద్దంటుంది. నువ్వు రాలేకపోయినా పుట్టింటి చలిమిడి లోటు లేకుండా నేనే రెండు పాత్రలూ వేస్తాను.

నీ
మంగ

*

రాజోలు
2 ఫిబ్రవరి 2025

వదినగారికి,

మీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికే శుక్రవారం దాటిపోయింది. అంతకుముందే ఇంద్రజ ఫోన్ చేసింది. నాకు ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. తర్వాత అల్లుడు మెసేజ్ పెడితే పక్కింటావిడ చదివి చెప్పింది.

మీకు తెలుసన్నారు. ఏం తెలిసిందండీ మీకు?

చెయ్యి రాకపోయినా ఇప్పుడు రాస్తున్నాను. ఇంద్రజకి కిందటి ఆగస్టులో మూడో నెల నిండుతుండగా కడుపు పోయింది. రక్తం ఆగలేదు. ప్రాణం దక్కాలంటే గర్భసంచి తీసెయ్యాలన్నారు, తీసేశారు. మనిద్దరికీ హైదరాబాదులో ఆఫీసు ట్రైనింగని చెప్పిన ఆ నెల్లాళ్ళూ అది మద్దిలపాలెంలోనే, తనతో పనిచేసే ఫిర్దౌస్ ఇంట్లో మంచం మీద ఉంది. వాళ్ళమ్మ పథ్యం వండిపెట్టింది. కన్నతల్లిని, నాకూ తెలియదు. జలాంతర్గామికి వెళ్ళిన రోజు పొద్దున్న జడ వేస్తూ, "నీ ఇంట నేను అన్నం తినేది ఎప్పుడే?" అని మామూలుగా అడిగాను. "ఇంక ఎప్పటికీ తినలేవమ్మా" అంది.

మీరు చూసిన కన్నీళ్ళు అవి. ఆ ఇనప గొట్టంలో ఆ పడకలు ఉయ్యాలలంతే ఉన్నాయి. అందుకు ఏడ్చాను గానీ ఊపిరాడక కాదు.

తెలిసే మౌనంగా ఉన్నారని నేను మీకు మనసులో దణ్ణాలు పెట్టుకున్నాను. బకెట్లు మోసింది నా కూతురి కోసం కాదు. లేని మనవడి కోసం మోశారు. ఇంక మీకు రాయవలసింది నా దగ్గర ఏమీ లేదు.

సత్యవేణి

*

కూర్మన్నపాలెం
8 ఫిబ్రవరి 2025

వదినగారికి,

మీరు రాయకపోయినా నేను రాస్తాను. ఎవరితో చెప్పుకోను? ఇంట్లో నేనూ గోడలూ మిగిలాం.

ఆ రోజు ఇంద్రజ ఆఫీసు నుంచి వచ్చేసరికి ముత్తయిదువలు కూర్చుని ఉన్నారు. చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాను. చలిమిడి ఒళ్ళో పెట్టాను. ఎదురింటి ముసలమ్మ, "ఏటమ్మా, సిగ్గుపడతన్నావ్? ఎన్నో నెలేటి?" అని గడ్డం పట్టుకుంది. అప్పుడు లేచి నిలబడింది. చలిమిడి ముద్ద నేల మీద పడింది. "ఏ నెలా కాదు పిన్నిగారూ. నాకు ఇంక పిల్లలు పుట్టరు" అంది. గట్టిగా కూడా అనలేదు. నా చేతిలో కుంకుమ భరిణె అలాగే ఉండిపోయింది. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుంటూ చెప్పులు వేసుకున్నారు. అది బట్టలు సర్దుకుని ఫిర్దౌస్ ఇంటికి వెళ్ళిపోయింది. వంశీ దాని వెనకే వెళ్ళాడు.

నాకు సిగ్గేసింది, దుఃఖం వచ్చింది. వాటితోపాటు కోపం కూడా వచ్చింది, దాచను. ప్రాణం మీదికొస్తే ఎవరో అమ్మాయి ఇల్లు పనికొచ్చింది, అత్తగారి ఇల్లు పనికిరాలేదా? నేను పథ్యం వండలేనా? వంశీని అదే అడిగాను. "నీకెలా సెప్తామమ్మా? పొద్దున్న లేత్తే మనవడు, అన్నం తింటే మనవడు, టీవీ సూత్తే మనవడు. ఆ పిల్ల ఆసుపత్రిలో కళ్ళు తెరిసి ముందడిగింది నీ గురించే. అత్తయ్యకి సెప్పకండి అని" అన్నాడు.

మీరొక్కరు పేరు పెట్టి చెప్పి ఉంటే ఇది జరిగేదా? మనవడు పుడితే గానీ మెతుకు ముట్టనన్న మనిషి వచ్చి కంచం అడిగితే, ఏ ఆడదైనా ఏమనుకుంటుంది? మీ నియమమే నన్ను ముంచింది. అలాంటి నియమం ఉన్నవారు అసలు ఆ పూట ఎందుకు తిన్నారు?

మంగాయమ్మ

*

రాజోలు
13 ఫిబ్రవరి 2025

మంగా,

నా కోపం చల్లారలేదు. కానీ నువ్వు అడిగినదానికి జవాబు చెప్పాలి. నిన్ను "మీరు" అంటూ రాయడం నాకు చేతకావడం లేదు.

మా అత్తగారు నా చేత ప్రమాణం చేయించినప్పుడు అది కూతురి మంచికే అనుకున్నాను. ఏడుపు ఆపి మొహం కడుక్కుని వచ్చాక ఇంద్రజ నన్నొక మాట అడిగింది. "అయితే అమ్మా, నా ఇల్లు నీకు ఎప్పటికీ ఇల్లు కాదన్నమాట" అంది. నీతో పాటు ఊళ్ళో తిరుగుతున్నానన్న మాటే గానీ, రోజంతా నా చెవిలో అదే. నా కూతురు తల్లి కాకపోతే, నేను దాని ఇంట తల్లిని కాకుండా పోతానా? ఆ నియమం నా పిల్ల కంటే పెద్దదా? సాయంత్రానికి తేల్చుకున్నాను. అందుకే తిన్నాను. ఆ ఒక్క పూటకని కాదు, ఇక ఎప్పుడొచ్చినా తింటానని దానికి తెలియడానికి తిన్నాను. మారు పెరుగు అడిగింది కూడా అందుకే. అది నా కంచం వంక ఎందుకు చూసిందో ఇప్పుడు తెలిసిందా?

కంచం చూసి నువ్వు పొరబడ్డావు, నీ ఉత్తరం చూసి నేను పొరబడ్డాను. అక్కడికి ఇద్దరం సమానం. కానీ ఒకటి విను. దాచుకున్న పిల్ల ఆ రోజే ఎందుకు బయటపడిందో తెలుసా? ముందు రోజు భోజనాల దగ్గర నువ్వు కైలాసగిరి ఒట్టు చెప్పావు. మనవడు లేకుండా జన్మలో ఎక్కనని నవ్వుతూ చెప్పావు. నేనూ నవ్వాను. అది మజ్జిగ గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మనమిద్దరం దాని ముందు చెరో గోడా కట్టి, ఊరు చూడ్డానికి పోయాం మంగా.

నా గోడ నేను తీసేశాను.

వేణి

*

కూర్మన్నపాలెం
20 ఫిబ్రవరి 2025

వేణీ,

నీ ఉత్తరం చదివి అన్నం సహించలేదు. మర్నాడు సన్యాసిరాజుని పిలిచి మద్దిలపాలెం పొమ్మన్నాను.

ఫిర్దౌస్ వాళ్ళమ్మ తలుపు తీసింది. ఆవిణ్ణి చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. నేను చెయ్యాల్సిన పని చేసిన మనిషి. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు, మంచినీళ్ళిచ్చి ఇంద్రజని పిలిచింది. క్షమించమని అడగాలని దారంతా మాటలు కూడబెట్టుకున్నాను. తీరా పిల్ల ఎదురుగా వచ్చేసరికి అన్నీ పోయాయి. చిక్కి సగమైంది. "చెప్పులేసుకో, అలా తిరిగొద్దాం" అన్నాను. ఎందుకొచ్చిందో తెలీదు గానీ వచ్చింది. ఆటోలో ఆ కొసన కూర్చుని బయటికే చూస్తోంది.

కైలాసగిరి పోనియ్యమన్నాను. ఆ వెధవ సన్యాసిరాజు వెనక్కి తిరిగి, "ఏటమ్మా, మనవడు సంకలో లేకండా ఎక్కనన్నారు కదేటి? ఒట్టు తప్పీసేరా?" అన్నాడు. నా ప్రాణం పోయిందనుకో. కానీ ఎలాగూ అనవలసిన మాటే. "తప్పేశాను. కోడలితో ఎక్కుతున్నాను. నువ్వు ముందు చూసి నడుపు" అన్నాను. అప్పుడు ఇంద్రజ నా వైపు తిరిగింది.

ఆ రోజు మంచు లేదు. రైలు మలుపు తిరిగేసరికి కింద సముద్రం, దూరంగా హార్బర్లోకి రావడానికి ఎదురుచూస్తున్న ఓడలు, అన్నీ కనిపించాయి. నువ్వుంటే డబ్బులు తిరిగి అడిగేదానివి కాదు. "నా నోటి వల్ల నీకు నరకం అయింది తల్లీ" అన్నాను. "మీరు మారిపోతారని కాదు అత్తయ్యా, మీరు ఏడుస్తారని చెప్పలేదు" అంది. అంతలోనే, "మారిపోతారని కూడా" అంది. అబద్ధం ఆడలేని పిల్లని కన్నావు. ఇద్దరం ఏడ్చాం. రైల్లో రెండో చుట్టు కూడా తిరిగాం.

ఇంటికి రమ్మన్నాను. రానంది. ఆ గదిలోకి అడుగుపెడితే చలిమిడి పడిన నేలే కనిపిస్తుందట. బతిమాలాను. చివరికి ఒక్కటి అడిగింది: "అమ్మ ఆ రోజు బాధలో తిన్నదా, నిజంగా మానేసిందా? అమ్మ వచ్చి మళ్ళీ తింటే, ఆ రోజు నేనూ వచ్చి ఆ ఇంట్లో వండుతాను."

దానికి జవాబు నీ దగ్గరే ఉంది వేణీ. అది నేను చెప్పేది కాదు. గాజులు చాంద్ సుల్తానాకి తిరిగిచ్చేశాను. సంగతి విని ఆవిడ కళ్ళు తుడుచుకుని, "ఆ పిల్లకి నచ్చిన రంగేదో అడగండమ్మా, అయి ఇత్తాను" అంది. నేను ఇన్నేళ్ళలో దానికేం నచ్చుతుందో ఒక్కసారీ అడగలేదు.

నీ
మంగ

*

రాజోలు
24 ఫిబ్రవరి 2025

మంగా,

దానికి ముదురు నీలం ఇష్టం.

అంగన్‌వాడీలో సెలవు పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి వస్తున్నాను. అరటిపళ్ళూ అటుకులూ తేవడం లేదు. ఎసట్లో నాక్కూడా బియ్యం పొయ్యమని ఇంద్రజతో చెప్పు.

వేణి